కోడలు లేని పదివేల మంది

మా ఆయనకి పదివేల మంది మనుషులున్నారు. అందరూ ఆయన కంప్యూటర్లోనే ఉంటారు. ఒక్కొక్కరికీ ఒక వయసు, ఒక బరువు, ఒక కాలేయం, రెండేసి మూత్రపిండాలు ఇచ్చాడు. రక్తం కూడా కొలిచి పోశాడు. నోరు మాత్రం పెట్టలేదు. నోరు లేని మనుషులు ఎవరికి మాత్రం ముద్దు రారు?

ఆయన ఉద్యోగమే అది. ఆయన పనిచేసే కంపెనీ మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళ కోసం ఒక మందు తయారుచేస్తోంది. మనం చాలాసేపు ఏమీ తినకుండా ఉంటే కాలేయం కొవ్వుని కరిగించి కీటోన్లనే సరుకు తయారుచేస్తుందట. వయసు మీద పడి మెదడు చక్కెరని సరిగ్గా వాడుకోలేనప్పుడు ఈ కీటోన్లని అందిస్తే అది కాస్త చురుగ్గా పనిచేస్తుందని కంపెనీవాళ్ళ ఆశ. ముసలివాళ్ళని పస్తులుంచడం బాగుండదు కాబట్టి ఆ సరుకుని చిన్న చిన్న సీసాల్లో పోసి తాగిస్తారు. తక్కువైతే దండగ. ఎక్కువైతే రక్తం పులుస్తుంది, కడుపులో తిప్పుతుంది, మనిషి తూలి పడతాడు. ఎంత తాగాలి, ఎప్పుడెప్పుడు తాగాలి అన్నది తేల్చడమే మా ఆయన పని.

బతికున్నవాళ్ళకి రకరకాల మోతాదులు పోసి చూడటం చాలా కష్టం. వాళ్ళు వాంతి చేసుకుంటారు, ఫిర్యాదు చేస్తారు, మధ్యలో మానేసి ఇంటికి పోతారు. అందుకని మా ఆయన లెక్కలతో మనుషుల్ని పుట్టించాడు. వాళ్ళకి మందు తాగిస్తాడు, రక్తంలో ఎంత చేరిందో గీత గీయించుకుంటాడు, నచ్చకపోతే అందర్నీ చెరిపేసి మళ్ళీ పుట్టిస్తాడు. బ్రహ్మదేవుడికి కూడా ఇంత వెసులుబాటు లేదు.

ఒకరోజు వంటింట్లో ఉన్న నన్ను గట్టిగా పిలిచాడు. వెళ్ళి చూస్తే తెర మీద రెండు అడ్డగీతలున్నాయి. కింది గీత దాటితేనే మందు పనిచేస్తుంది, పై గీత దాటితే ప్రమాదం. పదివేల మంది రక్తమూ ఆ రెండింటి మధ్య ఇస్త్రీ చేసినట్టు చదునుగా పడుకుని ఉంది.

"చూశావా, ఎంత అందంగా ఉందో!" అన్నాడు.

మా పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. దేన్ని చూసి అన్నాడన్నది వేరే సంగతి.

"ఎలా తాగాలి దీన్ని?" అని అడిగాను.

"చాలా తేలిక. నిద్ర లేవగానే ఒక సీసా. అక్కణ్ణించి మూడు గంటల నలభై నిమిషాలకోసారి, పడుకునేదాకా."

"లేచే వేళ రోజూ ఒకటే ఉండదు కదండీ. అంటే తాగే వేళలూ రోజూ మారిపోతాయన్నమాట."

"అది పెద్ద విషయం కాదు."

"మందు ఎవరికన్నారు?"

"మతిమరుపున్నవాళ్ళకి."

"మరి వాళ్ళకి గుర్తుండొద్దూ?"

మా ఆయన నా వంక జాలిగా చూశాడు. "అలారం పెట్టుకుంటారు. నువ్వు ప్రతిదాన్లోనూ ఈకలు పీకుతావు" అన్నాడు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. రమ్మన్న రోజు రానివాళ్ళు, రావద్దన్న రోజు వచ్చి తగువు పెట్టుకునేవాళ్ళు, పై పన్ను నొప్పని రాయించుకుని కింది పన్ను చూపించేవాళ్ళు రోజంతా నా ముందే తిరుగుతుంటారు. అయినా మా ఇంట్లో మనుషుల విషయంలో నిపుణుడు ఆయనే. సరేలెమ్మని వంటింట్లోకి వెళ్ళిపోయాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో నాలుగో కాలు గురించి వాదించి ఎవరు బాగుపడ్డారు?

ఆఫీసులో ఆ గీతకి హారతొక్కటే తక్కువ. కంపెనీ డైరెక్టరు పేరు ఏదైనా, నేను మాత్రం ఆయన్ని అద్భుతంగారంటాను. మంచి వార్తా అద్భుతమే, చెడ్డ వార్తా అద్భుతమే, లిఫ్టు ఆగిపోయినా అద్భుతమే ఆయనకి. గీత చూసి మూడుసార్లు అద్భుతమన్నాడట. ఇక నిజం మనుషుల ఇళ్ళకి సీసాలు పంపించి చూద్దామని, అది కూడా సవ్యంగా జరిగితే మా ఆయన్ని విభాగానికి హెడ్డుని చేస్తానని అందరి ముందూ ప్రకటించాడు. ఆ రోజు నుంచీ మా ఆయన అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడటం మొదలుపెట్టాడు.

మా అత్తగారు మాతోనే ఉంటుంది. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళ నంబర్లు ఆవిడ నాలిక మీద ఉండేవి. ఈమధ్య ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచానా అని నిలబడిపోతోంది. చెప్పిందే చెబుతోంది. ఇందాకే చెప్పారని గుర్తు చేస్తే చిన్నబుచ్చుకుంటోంది. ఇంట్లో సీసాల సంగతి విని, "నన్నూ చేర్చుకోండర్రా" అని పట్టుబట్టింది. ఉద్యోగి తల్లిని చేర్చుకోవచ్చా అని మా ఆయన నసిగితే, అద్భుతంగారు వినలేదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ అమ్మగారే తాగుతున్నారంటే అంతకన్నా ఏం కావాలి? అద్భుతం!" అన్నాడట.

ఆవిడ ఆశ ఏమిటో నాతో చెప్పింది. బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాం.

"అమ్మాయ్, పోవడానికి నాకేం భయం లేదు. నేనిక్కడ కూర్చుని ఉండగానే, నేను లేనట్టు నా గురించి నలుగురూ మాట్లాడుకునే రోజొస్తుందే, దానికే భయం. రోజులో సగం పూటైనా సరే, నా మాట నేను చెప్పుకోగలిగితే చాలు."

ఇరవై ఏళ్ళుగా ఆవిడ మాటకి మాట అప్పజెప్పడం తప్ప నాకింకో వ్యాపకం లేదు. ఆ నోరు మూగబోతే నేనెవరితో పోట్లాడాలి?

మందు పనిచేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. చేదుకి మొహం అష్టవంకర్లు తిప్పుతూ తాగేది గానీ, పొద్దుటి సీసా తాగిన కాసేపటికి ఆవిడ కళ్ళల్లో మనిషి వచ్చి కూర్చునేది. నేను తుడిచిన బల్ల మీద వేలితో రాసి దుమ్ము చూపించింది. మా ఆయనకి ఆరో తరగతిలో లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అవి దాచడానికి ఆయన ఏం చేశాడో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ వారం మేమిద్దరం పోట్లాడుకున్నంత హాయిగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

రెండోవారంలో వచ్చింది ముప్పు. మా ఆయన తల్లి పక్కన ఒక ఫోను పెట్టి అలారం అమర్చాడు. "అమ్మా, ఇది మోగినప్పుడల్లా ఒక సీసా తాగు" అని మరీ మరీ చెప్పాడు. ఆ పొద్దున ఆయనకి తొందరగా వెళ్ళాల్సిన పని పడింది. తను లేకపోతే తల్లి మర్చిపోతుందేమోనని అలారం మోగకముందే ఒక సీసా తాగించి వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట అనలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి అలారం మోగుతోంది. "తాగారా అత్తయ్యా?" అంటే, "ఏమో, గుర్తులేదే" అంది. ఎందుకైనా మంచిదని నేనొక సీసా తాగించాను. మోగుతున్న ఫోను మీద ఏదో నొక్కి క్లినిక్కుకి పరిగెత్తాను. నేను నొక్కింది ఆపేసే బొత్తాం కాదు, కాసేపాగి మళ్ళీ మోగమని చెప్పే బొత్తాం. అది చెప్పినట్టే కాసేపాగి మోగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది.

మా అత్తగారు కొడుకు మాట జవదాటే మనిషి కాదు. మోగినప్పుడల్లా తాగింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి జారి నేల మీద ఉంది. బట్టల నిండా వాంతి. ఊపిరి మురిగిపోయిన పండు వాసన వేస్తోంది. పక్కన బల్ల మీద ఖాళీ సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఆవిణ్ణి ఎలా లేపానో, ఆస్పత్రికి ఎలా చేర్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

సెలైను ఎక్కించి, రక్తం పులుపు తగ్గడానికి ఏవో మందులు పెట్టి, గండం గడిచిందని డాక్టరు చెప్పాక, వరండాలో మా ఇద్దరికీ మొదలైంది. నువ్వెందుకిచ్చావంటే మీరెందుకిచ్చారని. తిలాపాపం తలా పిడికెడు. లోపల మంచం మీంచి మా అత్తగారు నీరసంగా అంది:

"మోగినప్పుడల్లా తాగమన్నావు కదరా. తాగాను. నేనేమన్నా తప్పు చేశానా?"

ఆ మాటకి మా ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నేను వదిలిపెట్టలేదు.

"మీ పదివేల మందిలో ఎంతమందికి కోడళ్ళున్నారండీ?"

"కోడళ్ళా?"

"కోడళ్ళే. ఎందుకైనా మంచిదని ఇంకో సీసా పోసేవాళ్ళు. పోనీ కొడుకులున్నారా, చెప్పకుండా తాగించి వెళ్ళిపోయేవాళ్ళు? తాగానా లేదా అని దిక్కులు చూసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాడు. "అందరూ వేళకి తాగుతారు. అలా అనుకునే లెక్క వేశాం."

మతిమరుపు మందుకి లెక్కలు కట్టడానికి, ఒక్క పూట కూడా మర్చిపోని మనుషుల్ని పదివేల మందిని పుట్టించారు వీళ్ళు! ఒక గది నిండా పెద్ద చదువులవాళ్ళు కూర్చుని, ఇన్ని నెలలు ఆ గీతకేసి చూసి చప్పట్లు కొట్టారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కంపెనీవాళ్ళు ఇళ్ళకి సీసాలు పంపడం అప్పటికి ఆపేశారు. మా ఆయన మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఈసారి తన మనుషులకి మర్చిపోవడం నేర్పాడు. కొందరు తాగడం మానేశారు, కొందరు రెండుసార్లు తాగారు, కొందరికి కొడుకులూ కోడళ్ళూ పుట్టుకొచ్చారు. ఇస్త్రీ చేసిన గీతలన్నీ పసిపిల్లాడు గోడ మీద గీసినట్టయిపోయాయి. సగం మంది పై గీత దాటి ఎక్కడికో పోయారు. చూస్తూ చూస్తూ ఆయన మొహం పాలిపోయింది. పాపం, నిజం మనుషుల్ని అంత దగ్గరగా చూడటం ఆయనకి అలవాటు లేదు.

కానీ మొండివాడు, దారి కనిపెట్టాడు. పొద్దున్నే ఒక్కటంటే ఒక్క చిన్న సీసా. గీత లేస్తుంది, మధ్యాహ్నానికి పడిపోతుంది. చూడ్డానికి ఏమీ బాగుండదు. రోజంతా పనిచెయ్యదు. కానీ ఎవరో పొరపాటున రెండోది తాగించినా ప్రాణం మీదికి రాదు. పొద్దుటి పూట మాత్రం మనిషికి దక్కుతుంది.

"అత్తయ్య అడిగిందీ సగం పూటేగా" అన్నాను.

"మీటింగులో ఇదే చెబుతాను. పాత లెక్క తప్పని ఒప్పుకుంటాను. హెడ్డు పదవి పోతే పోయింది" అన్నాడు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎన్ని వెక్కిరింతలు వెక్కిరించినా, ఆ పూట ఆయన భార్యనైనందుకు గర్వపడ్డాను. దాచుకోవడమెందుకు, ఆయన చెయ్యి కూడా పట్టుకున్నాను.

జరిగినదాని గురించి అడగాలని మా అత్తగారినీ, తోడుగా నన్నూ ఆ మీటింగుకి రమ్మన్నారు. అద్దాల గోడలు, పొడుగాటి బల్ల, ఏసీ చలికి బిగుసుకుపోయిన కుర్చీలు. బల్ల చివర ఒక కేకు డబ్బా ఉంది. అద్భుతంగారు మా అత్తగారి దగ్గరికొచ్చి చెవి దగ్గర వంగి, "అమ్మగారూ! బాగున్నారా!" అని ఊరంతా వినపడేట్టు అరిచాడు.

"నాకున్నది మతిమరుపు బాబూ, చెవుడు కాదు" అంది ఆవిడ.

మా ఆయన లేచి నిలబడి పిల్లాడి గీతల బొమ్మ తెర మీద వేశాడు. గొంతు సవరించుకున్నాడు. చివరికి చెప్పాడు: "మన రోగులు... మర్చిపోతారండీ."

ఎవరింట్లోనో చావు కబురు చెప్పినట్టుంది. ఆయన పొద్దుటి సీసా సంగతి కూడా చెప్పాడు. వెంటనే అమ్మకాల విభాగం ఆవిడ చెయ్యెత్తింది. "రోజుకి ఒక్క సీసాయేనా? అన్ని సీసాలు అమ్ముదామనుకున్నాం, ఒకటైతే ఎలా?"

అద్భుతంగారు బల్ల మీద చరిచాడు. "అద్భుతం! సమస్య దొరికేసింది. సమస్య మందులో లేదు, మోతాదులో లేదు. రోగుల్లో ఉంది! వేళకి గుర్తు పెట్టుకుని తాగగలిగినవాళ్ళనే తీసుకుందాం. చేర్చుకునే ముందు ఒక జ్ఞాపకశక్తి పరీక్ష పెడదాం."

మందు పరీక్షలు చూసుకునే డాక్టరమ్మ మెల్లగా అంది: "ఇది మతిమరుపు మందు కదండీ..."

"కొంచెం మతిమరుపున్నవాళ్ళని తీసుకుందాం. పద్ధతిగా మర్చిపోయేవాళ్ళని."

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునేవాళ్ళ గురించి విన్నాను గానీ, ఇల్లుంచి ఇంట్లోవాళ్ళని బయటికి తోలేవాళ్ళని అప్పుడే చూశాను. నేను మా ఆయన వంక చూశాను. చెప్పండి, ఇప్పుడు చెప్పండి అని కళ్ళతోనే బతిమాలాను.

అద్భుతంగారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం హెడ్డుగారూ? మీవాళ్ళలోంచి ఆ మర్చిపోయేవాళ్ళని తీసేస్తే మన గీత ఎలా ఉంటుందంటారు?"

హెడ్డుగారన్న మాట మా ఆయన చెవిలో పడటం నాకు కనిపించింది. వీపు నిటారైంది. తెరకేసి చూశాడు. తల్లికేసి చూడలేదు. ఏదో మీట నొక్కాడు. వంకర గీతలన్నీ మాయమై, మళ్ళీ ఇస్త్రీ మడతలు వచ్చాయి.

"అందంగా ఉంటుందండీ" అన్నాడు.

నన్ను లెంపకాయ కొట్టినట్టయింది. గదిలో చప్పట్లు మోగాయి. మా అత్తగారి గురించి ఆవిడ ముందే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ కేసు ఎలా మూసెయ్యాలి, ఆవిణ్ణి ఏ కారణం మీద తప్పించాలి అని. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడే ఆ పరీక్ష పెట్టేస్తే సరి. అమ్మగారూ! ఈయనెవరో చెప్పండి చూద్దాం" అన్నాడు అద్భుతంగారు, మా ఆయన్ని చూపిస్తూ.

మా ఆయన బళ్ళో పిల్లాడిలా నవ్వుతూ తల్లివైపు తిరిగాడు. ఆవిడ ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"తెలీదు బాబూ. ఎప్పుడూ చూళ్ళేదు" అంది.

డాక్టరమ్మ తల దించుకుని ఏదో రాసుకుంది. మా ఆయన నవ్వు మొహం మీదే ఎండిపోయింది. మమ్మల్ని వెళ్ళొచ్చన్నారు. నేను అత్తగారి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను. లిఫ్టు దగ్గరికి చేరేలోపు మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"అమ్మా! నిజంగానే నన్ను గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టానురా" అంది ఆవిడ. "నలుగురిలో నా కొడుకని చెప్పుకోడానికి సిగ్గేసింది."

గదిలోంచి ఎవరో కేకేశారు. "హెడ్డుగారూ, రండి రండి, కేకు కొయ్యాలి!" ఆయన మా వైపు చూశాడు, గది వైపు చూశాడు. లిఫ్టు వచ్చింది. మేం ఎక్కాం. తలుపులు మూసుకుంటుంటే గదివైపు వెళుతున్న ఆయన వీపు కనిపించింది.

లిఫ్టు కిందికి దిగుతుండగా ఆవిడ మొహంలో కోపం మెల్లగా సడలి, ఇంట్లో ఫ్రిజ్ ముందు నిలబడినప్పటి చూపు వచ్చింది.

"అమ్మాయ్, మనం ఇక్కడికెందుకొచ్చాం?"

"మీ అబ్బాయి ఆఫీసుకొచ్చాం అత్తయ్యా."

"వాడేడీ?"

"పైన పనుంది. తర్వాత వస్తారు."

ఆవిడ మొహంలో దిగులు కనిపించింది. "పొద్దున ఏమీ తినకుండానే బయల్దేరినట్టున్నాడే. వాడు ఆకలికి ఆగలేడు. ఏమన్నా తిన్నాడంటావా?"

"పైన వాళ్ళు కేకు పెడుతున్నారు, తింటున్నారు" అన్నాను.

"అలాగా" అంది ఆవిడ తేలికపడి. "పోన్లే, మంచివాళ్ళలా ఉన్నారు."